కుడికి తిరగని కారు

నా చేతి కింద ఎన్ని కార్లు సూటిగా నడిచాయో నాకు లెక్క లేదు. ఒక్క కారు మాత్రం నా వల్లే దారి తప్పింది. దాని సంగతి రాసివ్వమని, మా పాత షెడ్డులో ఇప్పుడు పనిచేస్తున్న కుర్రాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. గొప్పలు రాయమంటే ఆ రోజే రాసిచ్చేవాణ్ణి. తప్పు రాయమనేసరికి ఒకనాడు కళ్ళజోడు దొరకలేదు, ఇంకోనాడు పెన్ను దొరకలేదు. ఇవాళ రెండూ దొరికాయి, ఇక తప్పించుకునే దారి లేదు.

తొంభైల నడిమి రోజులు. చిక్కడపల్లిలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో మా షెడ్డు ఉండేది. నా పని కార్ల చక్రాలను వరసలో పెట్టడం, అంటే మీరిప్పుడు అలైన్‌మెంట్ అంటున్న పని. మీకు తెర మీద అంకెలు కనిపిస్తాయి, పచ్చరంగు పడితే పని అయిపోయినట్టే. మాకు ఒక దారం, ఒక ఇనుప బద్ద, చాక్‌పీసు, ఒక కన్ను మూసి చూసే ఇంకో కన్ను ఉండేవి. ఆ కన్ను మీద నాకు మహా నమ్మకం. నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా నన్ను ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు, నేను పలికేవాణ్ణి. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఎవరైనా సలహా చెప్పబోతే పానా వాళ్ళ చేతికిచ్చి, అయితే నువ్వే చెయ్యి అనేవాణ్ణి.

మా షెడ్డుకు వచ్చే కార్లలో చాలావాటికి స్టీరింగ్ చక్రం నడుమ, హారన్ బొత్తం మీద, దేవుడి బొమ్మ అంటించి ఉండేది. బండి సూటిగా పోతున్నప్పుడు ఆ బొమ్మ నిటారుగా ఉండాలి. పిసరంత ఒరిగినా గిరాకీ తిరిగొచ్చేవాడు. బండి బాగానే పోతోంది ఉస్తాద్, దేవుడే పక్కకు చూస్తున్నాడు అనేవాడు. అందుకని మేం పని మొదలుపెట్టేదే దేవుడి దగ్గర. బొమ్మ నిటారుగా వచ్చేట్టు స్టీరింగ్ తిప్పి, కదలకుండా సీటుకు తాడుతో కట్టేసి, ఆ తర్వాత కిందికి దూరి చక్రాలు సరిచేసేవాళ్ళం.

కంపెనీలో తయారైన కారుకు ఈ పద్ధతితో పెద్దగా నష్టం లేదు. స్టీరింగ్ కింద రాక్ అని పళ్ళున్న కడ్డీ ఒకటి ఉంటుంది. మనం స్టీరింగ్ తిప్పితే అది కుడికో ఎడమకో జరుగుతుంది, దాని రెండు చివర్లకు ఉన్న టై రాడ్లు చక్రాలను తిప్పుతాయి. బండి సూటిగా ఉన్నప్పుడు ఆ కడ్డీ సరిగ్గా నడుమ ఉండేట్టు కంపెనీవాళ్ళే కూర్చి పంపుతారు. మేం సవరించేది నువ్వుగింజంత. అయితే ఇంట్లో కట్టుకున్న కారుకు ఆ భరోసా ఎవరిస్తారు? ఈ ప్రశ్న నాకు తట్టాలి. తట్టలేదు.

ఆ కారు ఒక మేడం కట్టించుకున్నది. అశోక్‌నగర్‌లో ఒక ఇంటి వెనక పోర్షన్ కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేదావిడ. నలభైకి దగ్గర పడిన మనిషి. కవాడిగూడ దగ్గర ఒక సర్కారు ఇంజనీరింగు ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు గీసిన నక్షాలను పల్చటి ట్రేసింగ్ కాగితం మీద సిరాతో దించడం ఆవిడ ఉద్యోగం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, చంకలో కర్ర లేకుండా నడవలేదు. రోజూ ఒకే రిక్షాలో వెళ్ళి అదే రిక్షాలో వచ్చేది. బస్సెక్కడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. కండక్టరు ఆగమన్నా వెనకాలవాళ్ళు ఆగరు కదా.

ఏనాటికైనా తన బండి తనే నడుపుకోవాలని ఆవిడ పట్టుదల. నక్షా తనే గీసింది. కట్టినవాడు మా షెడ్డు పక్కన గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డరు. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి కూలికి వచ్చి, కట్టుబడి పనుల్లో చువ్వలు వంచుతూ వెల్డింగ్ నేర్చుకున్న మనిషి. ఆదివారాలు అశోక్‌నగర్ వెళ్ళి, ఆవిడ ఇంటి వాకిట్లో ఒక్కో గొట్టం కోసి చాసీ, అంటే బండి కింది చట్రం, అతికేవాడు. వెనక ఆటో ఇంజను, ముందు ఎక్కడో తుక్కులో కొన్న ఒక చిన్న కారు రాక్, పైన రేకు. ఆటో ఇంజను గనక క్లచ్చి చేతిలోనే ఉంటుంది. బ్రేకుకు, రేసుకు కుడికాలు చాలు. ఎడమకాలికి ఆ బండిలో పనే లేదు. ఏడాదిన్నర పట్టింది. మా సందులో అందరూ వెల్డర్‌ను గేటుకు చక్రాలు పెడుతున్నావా అని ఏడిపించేవాళ్ళు. అందరికంటే ముందు ఏడిపించింది నేనే.

బండి పూర్తి కావస్తుండగా ఆవిడకు ప్రమోషన్ వచ్చింది. కొత్త ఆఫీసు ఊరికి ఆ చివర. రిక్షా అంత దూరం పోదు, రోజూ ఆటో అంటే జీతంలో మిగిలేదేమీ ఉండదు. వచ్చే నెల ఒకటో తారీఖుకల్లా చేరకపోతే ప్రమోషన్ వరసలో తర్వాతి మనిషికి పోతుంది. పదిహేనేళ్ళు ఎదురుచూసిన ప్రమోషన్ అది. అంటే ఆ లోపల బండికి రవాణా ఆఫీసులో నంబరు రావాలి, ఆవిడకు లైసెన్సు రావాలి. రెండింటికీ పరీక్ష ఒకటే. వికలాంగుల బండి గనక ఆ బండిని ఆ మనిషే ఇన్‌స్పెక్టరు ముందు నడిపి చూపించాలి.

వెల్డరు బండిని మా షెడ్డుకు నెట్టుకొచ్చాడు. నిజం చెప్పాలంటే బండి ముచ్చటగా ఉంది. ఆ మాట నేను పైకి అనలేదు. స్టీరింగ్ నడుమ మేడం అప్పటికే బొజ్జ వినాయకుణ్ణి అంటించింది. నేను తాడు తీసుకుని లోపలికి ఒంగుతుంటే వెల్డరు వెనక నుంచి ఒక మాట అన్నాడు.

"ఉస్తాదూ, స్టీరింగ్ చక్రం ఉత్తగనే తగిలించిన. నడుమ ఎక్కడుందో మీరే చూసుకోవాలె."

విన్నాను. చెవిన వేసుకోలేదు. గేట్లు చేసేవాడు నాకు నడుమ చూపించేదేమిటని మనసులో అనుకున్నాను కూడా. వినాయకుణ్ణి నిటారుగా నిలబెట్టి తాడు కట్టాను. కింద దూరి చక్రాలు సూటిగా తేవడం మొదలుపెట్టాను. టై రాడ్ల చివర మరలుంటాయి, వాటిని తిప్పితే రాడ్డు పొడవు పెరుగుతుంది, తరుగుతుంది. ఎడమదాన్ని బయటికి తిప్పుతూ పోయాను, తిప్పుతూనే పోయాను. కుడిదాన్ని పూర్తిగా లోపలికి పంపాను. అప్పటికి గాని చక్రాలు సూటిగా రాలేదు. ఒకవైపు వేలెడు మరలు బయట కనిపిస్తున్నాయి, ఇంకోవైపు రెండో మూడో. అంత తేడా ఎందుకొచ్చిందని ఆగి చూడవలసింది. ఆగాను కూడా. ఆగి, బండి కింద నుంచే అరిచాను.

"నీ చాసీ వంకరగుంది తమ్మీ. గేటు లెక్క అతికినవు."

సందులో నలుగురు నవ్వారు. బండిని నడిపి చూశాను, చక్కగా సూటిగా పోయింది. వినాయకుడు నిటారుగా ఉన్నాడు. కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి చూడలేదు. మా సందులో తిప్పేంత చోటు లేదనే సాకు అప్పుడు నాకు సరిపోయింది.

పరీక్ష రోజు నేను ఆవిడ పక్కన కూర్చుని వెళ్ళాను. నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్నవాడు ఉండాలి గనక నా అవసరం పడింది. మైదానంలో సున్నంతో ఎనిమిది అంకె గీసి ఉంది. దాని మీద, గీత దాటకుండా, ఆగకుండా తిరగాలి. ఎడమ సున్నా చుట్టూ ఆవిడ ఎంత అందంగా తిరిగిందంటే చుట్టూ నిలబడ్డ లారీ డ్రైవర్లు కూడా మాటలాపి చూశారు. కుడి సున్నా దగ్గరికొచ్చేసరికి ముందు చక్రం గీత మీదికి ఎక్కింది. రెండోసారి ఎక్కింది. మూడోసారి బండి సున్నా వదిలేసి బయటికే పోయింది. ఆవిడ స్టీరింగ్ పట్టుకుని ఇంకా తిప్పాలని చూస్తోంది.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. దగ్గరికొచ్చి మెత్తగానే చెప్పాడు. బండి బాగుందమ్మా, మీ కాలే సహకరించడం లేదు, ఎవరినైనా డ్రైవర్‌ను పెట్టుకోండి అన్నాడు. కాగితం మీద కూడా అదే రాశాడు: ఎడమకాలి బలహీనత వల్ల కుడి మలుపు తిప్పలేకపోతున్నారు. పది రోజుల తర్వాత మంగళవారం ఇంకో అవకాశం ఇస్తానన్నాడు. ఒకటో తారీఖుకు ముందు అదే ఆఖరిది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కాలే కారణమని ఇన్‌స్పెక్టరుతో పాటు నేనూ నమ్మాను. తిరిగొచ్చేటప్పుడు ఆవిడకు ధైర్యం చెబుతున్నాననుకుని, దేవుడు ఎవరికి ఏది రాసిపెడితే అది అని ఏదేదో వాగాను. ఆవిడ రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. ఇల్లు చేరాక కర్ర చంకలో పెట్టుకుని, మంచిది అన్నా అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

నాలుగో రోజున ఆవిడ రిక్షా దిగి మా షెడ్డులోకి వచ్చింది. చేతిలో చుట్టిన ట్రేసింగ్ కాగితం ఉంది. నేను ఒక జీపు కింద ఉన్నాను. బయటికి రమ్మని కబురు చేసి, స్టూలు మీద కూర్చుంది.

"అన్నా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి. నాకు చెడింది ఎడమకాలు. ఈ బండిల దానికి పనే లేదు. మరి బండి కుడిదిక్కు తిరగకుంటె నా కాలు ఏం చేసింది?"

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పని, కుర్చీలో కూర్చుని బొమ్మలు గీసే ఈవిడ నాకు చెబుతుందా అనుకున్నాను. మీ వెల్డరు చాసీ వంకరగా అతికాడు, దానికి నేనేం చేస్తాను అన్నాను. ఆవిడ కాగితం విప్పింది.

కాగితం మీద రెండు సున్నాలున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. అశోక్‌నగర్ మురుగు నాలా పక్కన ఖాళీ జాగాలో వెల్డరు చేత బండిని తోయించి కొలిచిందట. అడుగున చిల్లి పెట్టిన నీళ్ళ డబ్బా ఒకటి ముందు చక్రం దగ్గర కట్టించి, స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పి ఒక చుట్టు, కుడికి పూర్తిగా తిప్పి ఒక చుట్టు తిప్పింది. దుమ్ములో నీటి గీత పడింది. దాన్ని టేపుతో కొలిచి అచ్చుగుద్దినట్టు గీసుకొచ్చింది. కింద చక్కటి అక్షరాలతో రాసింది: స్టీరింగ్ సూటి నుంచి ఎడమకు రెండు చుట్లు, కుడికి ఒకటింబావు.

ఆ ఒకటింబావు దగ్గర నా చూపు ఆగిపోయింది. టై రాడ్ల మీద వేలెడు బయటికొచ్చిన మరలు కళ్ళ ముందు కనబడ్డాయి. ఉత్తగనే తగిలించిన అన్న వెల్డరు మాట కూడా అప్పుడే వినబడింది, వారం ఆలస్యంగా. రాక్ నడుమ లేదు. ముందే కుడివైపు జరిగి కూర్చుంది. కుడికి తిరగడానికి దానికి ఇక మిగిలిందెంత? దాన్ని అక్కడ కూర్చోబెట్టి, వంకర చక్రాలను బలవంతంగా సూటిచేసి, పైన వినాయకుణ్ణి నిలబెట్టింది నేను. తల కొట్టేసినట్టయింది.

వెంటనే ఒప్పుకున్నానని రాస్తే బాగుంటుంది. ఒప్పుకోలేదు. ఆదివారం వచ్చి చూస్తానని మాత్రం అన్నాను. ఆవిడ వెళ్ళాక మా షెడ్డు సేఠ్ నా మొహం చూసి సంగతేంటని అడిగాడు. చెప్పాను. బండి చక్కచెయ్యి గాని తప్పు మనదని ఎక్కడా అనొద్దన్నాడు. షెడ్డు పేరు పోతే రేపు కార్లు రావు, నువ్వూ నేనూ ఈగలు తోలుకోవాలి అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది.

ఆదివారం పొద్దున్నే అశోక్‌నగర్ వెళ్ళాను. వెల్డరు అప్పటికే వాకిట్లో ఉన్నాడు. నన్ను చూసి పలకరించలేదు. మేడం స్టీరింగ్ చక్రం అంచును ఎనిమిది సమభాగాలు చేసి, ఒక్కో చోట ఎర్రదారం ముడివేసి పెట్టుకుంది. నేను టై రాడ్లు రెండూ విప్పేశాను. ఇప్పుడు రాక్ తన ఇష్టం వచ్చినంత దూరం పోగలదు. ఆవిడ స్టీరింగ్ ఎడమ చివరిదాకా తిప్పింది, అక్కడి నుంచి కుడి చివరిదాకా దారాలు లెక్కపెడుతూ వచ్చింది. మూడుంబావు చుట్లు. అంటే ఇరవయ్యారు దారాలు. సగం పదమూడు.

"పదమూడు దారాల దగ్గర ఆపుండ్రి మేడం," అన్నాను.

ఆపింది. రాక్ నడుమకొచ్చింది. వినాయకుడు మాత్రం పక్కకు ఒరిగి దాదాపు తలకిందులయ్యాడు. ఆవిడ ఆయన వంక, నా వంక చూసింది. ముందు రాక్, ఆయన సంగతి తర్వాత అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడానికి అన్నేళ్ళు పట్టింది. రాక్ కదలకుండా బిగబట్టి, టై రాడ్లు మళ్ళీ తగిలించి, చక్రాల పక్కన నా దారం కట్టి, చక్రాలు సూటిగా వచ్చేదాకా మరలు తిప్పాను. ఈసారి ఎంతోసేపు తిప్పవలసిన పని పడలేదు. లాక్ నట్లు బిగించే ముందు వెల్డరు నా పక్కన బోర్లా పడుకుని బయటికి కనిపిస్తున్న మరలు లెక్కపెట్టాడు. ఎడమన పదకొండు, కుడిన పదకొండు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాడు. చాసీ వంకరగా ఉంటే అవి అలా సమానంగా రానే రావు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"చాసీ ఎట్లుంది ఉస్తాదూ?" అన్నాడు.

"దారం పట్టినట్టుంది తమ్మీ. గల్తి నాది."

"జర ఇంకోసారి చెప్పు."

చెప్పాను. మేడం నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. వెల్డరు లేచి, ప్యాంటు దులుపుకుని, గోడ అవతలి ఇంటివాళ్ళకు కూడా వినబడేట్టు మూడోసారి చెప్పించుకున్నాడు. ఆ రోజు నేను చేసిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది అదే. నిజం చెప్పాలంటే ఆ తర్వాత మాత్రం గుండె తేలికైంది, పస్తు విడిచినట్టు ఆకలేసింది. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి నిటారుగా మళ్ళీ తగిలించబోతే అది ఒక పన్ను అటో ఇటో తప్ప కూర్చోనంది. వినాయకుడు కాస్త ఒరిగే ఉన్నాడు. నేను తంటాలు పడుతుంటే మేడం ఆయన్ను గోటితో ఊడదీసి, నిటారుగా మళ్ళీ అంటించింది. అంతే. ఇన్నేళ్ళు మేం కార్ల చక్రాలను దేవుడికి సరిపెడుతూ వచ్చాం. బొమ్మను తిప్పి అంటిస్తే సరిపోతుందని మాలో ఒక్కడికీ తట్టలేదు.

మంగళవారం మళ్ళీ మైదానానికి వెళ్ళాం. ఆవిడ పక్కన నేను, వెల్డరు వెనక బస్సులో. అదే ఇన్‌స్పెక్టరు, అదే సున్నపు ఎనిమిది. ఆవిడ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఎడమ సున్నా అయింది. నడుమ దాటింది. కుడి సున్నా మొదలైంది. బండి తిరిగింది. గీతకు జానెడు లోపలే, నింపాదిగా, కంపాసు పెట్టి గీసినట్టు తిరిగింది. ఆవిడ ఆగలేదు. ఇన్‌స్పెక్టరు చాలన్నట్టు చెయ్యెత్తినా వినకుండా రెండో ఎనిమిది తిరిగింది, ఆ తర్వాత కుడి సున్నా ఒక్కదాన్నే ఇంకోసారి తిరిగింది. చుట్టూ ఉన్న డ్రైవర్లు ఈలలు వేశారు. వెల్డరు ఏడుస్తున్నాడు. నేను ఏడవలేదంటే మీరు నమ్మకండి.

ఇన్‌స్పెక్టరు సంతోషంగానే వచ్చాడు. కాలు నయమైందా అమ్మా అని అడిగాడు.

"కాలు అదే సార్," అంది ఆవిడ. "అప్పుడు గూడ అదే."

అతనికి అర్థం కాలేదు. పాత కాగితం తీసి, పోయినసారి రాసిన మాట దీని మీద ఉంటుంది, ఉన్నా పర్వాలేదు, ప్రతి ఏడూ కాలికి డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే చాలు అన్నాడు. ఆవిడ మొహంలో వెలుగు తగ్గింది. ప్రతి ఏడూ ఒక డాక్టరు ముందు నిలబడి, ఏమీ చెయ్యని కాలు గురించి సంజాయిషీ చెప్పుకోవాలి. నా వల్ల. సేఠ్ అన్న మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిన మాట నిజమే గాని, నా కాళ్ళు అప్పటికే ముందుకు నడిచాయి.

"సార్, ఆ మాట కొట్టెయ్యుండ్రి. ఆమె కాలుది కాదు, నా గల్తి. రాక్ నడుమ పెట్టకుండ నేనే బిగించిన. అందుకే కుడికి తిరగలె."

ఇన్‌స్పెక్టరు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. రాసిస్తావా అన్నాడు. రాసిస్తానన్నాను. తెల్లకాగితం తెప్పించాడు. రాక్ ఎందుకు పక్కకు పోయింది, నేనేం చూడలేదు, ఎవరు చెబితే వినలేదు, ఆ మేడం ఎట్లా కనిపెట్టింది, అన్నీ తెలుగులో వంకర అక్షరాలతో రాసి కింద సంతకం చేశాను. షెడ్డు పేరు కూడా రాశాను. అతను అది రెండుసార్లు చదివి, పాత కాగితం మీది వాక్యాన్ని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన రాశాడు: లోపం వాహనానిది, సరిచేయబడినది. అన్నేళ్ళ పనిలో నా పేరు సర్కారు కాగితం మీదికెక్కింది ఆ ఒక్కసారే. సేఠ్ వారం రోజులు మాట్లాడలేదు. కార్లు మాత్రం రావడం మానలేదు. తప్పు చేస్తే రాసిచ్చే ఉస్తాద్ ఇక్కడే ఉన్నాడట కదా అని అడుగుతూ ఇంకో నలుగురు ఎక్కువే వచ్చారు. ఒకటో తారీఖున పది కొట్టకముందే ఆవిడ తన బండి తనే నడుపుకుంటూ వెళ్ళి కొత్త ఆఫీసులో సంతకం పెట్టింది.

పిల్లలూ, రాక్ నడుమ పెట్టడం ఎట్లా అని కూడా మీరు నన్ను అడిగారు. ఒక చివర నుంచి ఇంకో చివరకు లెక్కపెట్టండి, సగం దగ్గర ఆపండి, రెండు రాడ్ల మరలూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎదుటివాడి పని వంకరని అరవబోయే ముందు మీ పని ఇంకోసారి చూసుకోండి. అంతకు మించి విద్యేమీ లేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నానికి లైసెన్సు ఆవిడ చేతికొచ్చింది. నేను అలవాటుగా వెళ్ళి పక్కసీటు తలుపు తీశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మీరు బస్సుల రండి అన్నా. ఇప్పుడు నా పక్కకు లైసెన్సున్నోళ్ళు అక్కర లేదు."

ఆ బండిలో సీట్లు రెండే. ఏడాదిన్నర పాటు ఆ బండిని కట్టిన వెల్డరు అందులో కూర్చుని ఒక్క గజం దూరం కూడా పోలేదు. ఇంజను పెట్టాక తోసినవాడే, పక్కసీటు ఎప్పుడూ నాది. ఆవిడ అతన్ని పిలిచింది. అతను చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాడు, వేసుకోవయ్యా అని ఆవిడ కోప్పడింది. నేను బస్సెక్కి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అంత సంతోషంగా బస్సులో ఎప్పుడూ నిలబడలేదు.

బస్సు హిమాయత్‌నగర్ వైపు నుంచి వచ్చి నారాయణగూడ చౌరస్తాలో ఆగింది. కిటికీలోంచి చూస్తే మా ముందే ఆ బండి ఉంది. వెల్డరు మహారాజులా మోచెయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన నిలబడ్డ ఒక పెద్దమనిషికి చూపించి, ఆ కారు రాక్ కూర్చోబెట్టింది నేనే అని చెప్పాను. అట్లనా అని ఆయన వంగి చూశాడు. పోలీసు చెయ్యి ఊపాడు. చిక్కడపల్లి గాని అశోక్‌నగర్ గాని పోవాలంటే అక్కడ ఎడమకు తిరగాలి. ఆవిడ కుడికి తిప్పింది.